రెండో దేశం ఎందుకు?

చిరంజీవికి,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన నీ మాస్టర్స్ డిసర్టేషన్ చాప్టర్ల ప్లాన్ చదివాను. చదువుకున్న యువతకు ఉద్యోగాలు దొరక్కపోవడం గురించి రెండు దేశాలను పోల్చి రాయాలనుకుంటున్నావు. మంచి టాపిక్. కానీ ప్లాన్‌లో మొదటి దేశానికి రెండు చాప్టర్లు, రెండోదానికి రెండు, చివర్లో కాసిని పేజీల పోలిక కనిపించాయి. ఇలా రాస్తే చేతికొచ్చేవి రెండు చిన్న డిసర్టేషన్లు. అసలు పోలికేమో గడువు ముంచుకొచ్చి, ఓపిక అయిపోయాక రాసేదిగా మిగిలిపోతుంది.

ముందు ఒక్కదానికి జవాబు చెప్పు. రెండో దేశం ఎందుకు? దాన్ని తీసేస్తే నీ వాదనలో ఏది కూలుతుంది? ఏదీ కూలదంటే ఒక్క దేశం మీదే రాయి, అందులో తక్కువేమీ లేదు. ‘రెండింటికీ డేటా దొరికింది’ అన్నది కారణం కాదు.

రెండో దేశం ఎంత పని చేయగలదో చూడాలంటే రాజనీతి శాస్త్రవేత్త డేనియల్ పోస్నర్ 2004లో ప్రచురించిన అధ్యయనం చూడు. చేవా, తుంబుకా అనే రెండు తెగలవాళ్లు ఆఫ్రికాలో మలావీ, జాంబియా దేశాల సరిహద్దుకు రెండు వైపులా ఉంటారు. ఆ గీత వలస పాలకులు గీసింది, ఊళ్లనూ మనుషులనూ చూసి గీసింది కాదు. ఏ తెగను తీసుకున్నా రెండు వైపులా అదే భాష, అవే ఆచారాలు. అయినా మలావీలో ఈ రెండు తెగలు రాజకీయ ప్రత్యర్థులు, జాంబియాలో మిత్రులు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో జనాన్ని కలిసి, అవతలి తెగవాళ్లకు ఓటేస్తారా, వాళ్లతో పెళ్లికి ఒప్పుకుంటారా అని అడిగారు. జవాబులు దేశాన్ని బట్టి మారాయి. ఈ రెండు తెగల ఆచారాల మధ్య తేడా రెండు దేశాల్లోనూ ఉంది కాబట్టి, ఆ తేడా ఒక్కటే వైరానికి కారణమనడం కుదరదు. మరి మారిందేమిటి? దేశ జనాభాలో ఆ తెగల వాటా. మలావీలో రెండూ పెద్దవే, తెగ పేరుతో ఓట్లు కూడగడితే నాయకులకు గిట్టుబాటవుతుంది. జాంబియాలో రెండూ చిన్నవి, తూర్పు ప్రాంతంవాళ్లుగా కలిసి నిలబడితేనే లెక్కలోకి వస్తారు. ఒక్క మలావీనే చూసుంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

అంత శుభ్రంగా కుదిరే జంట నీకు దొరక్కపోవచ్చు. అన్నీ ఒకేలా ఉండి ఒక్కటే తేడాగా ఉన్న రెండు సందర్భాలను పోల్చాలని 1843లోనే సూత్రీకరించిన తత్వవేత్త జాన్ స్టువార్ట్ మిల్, సమాజాల విషయంలో అది సాధ్యమని తనే నమ్మలేదు. కాబట్టి ‘నిరూపించాను’ అని రాయకు. ఫలానా వివరణ ఎందుకు నిలబడదో చూపించగలిగితే మాస్టర్స్ స్థాయిలో అది గట్టి పనే.

ఇంకో సంగతి. నువ్వు ఎంచుకున్న రెండు దేశాల్లోనూ నిరుద్యోగం ఎక్కువే. రెండింటిలో ఉమ్మడిగా కనిపించినదాన్ని కారణమంటే, అదే లక్షణం ఉండి కూడా నిరుద్యోగం తక్కువగా ఉన్న దేశం ఎక్కడో ఉండొచ్చు కదా? ఒకదాన్ని మార్చి, పరిస్థితి మెరుగ్గా ఉన్న దేశాన్ని తీసుకో. వీలైతే నువ్వు చదవగలిగిన భాషలో పత్రాలు దొరికే దేశమైతే మేలు. లేకపోతే బయటివాళ్లు రాసిందే నీకు ఆధారమవుతుంది.

అంకెలు పక్కపక్కన పెట్టే ముందు సర్వే నిర్వచనాలు చదువు. ఇది విసుగు పుట్టించే పనే, కానీ దయచేసి దాటెయ్యకు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం ప్రకారం, సర్వే అడిగే వారంలో ఒక్క గంట కూలికి పనిచేసినా ఆ మనిషి ఉద్యోగి కిందే లెక్క. నిరుద్యోగి అనిపించుకోవాలంటే పని లేకపోవడం చాలదు, పని కోసం వెతుకుతూ ఉండాలి, దొరికితే చేరడానికి సిద్ధంగా ఉండాలి. ఒక దేశం ఈ పద్ధతిలో లెక్కేసి, ఇంకో దేశం ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకున్నవాళ్లనే లెక్కేస్తే, నీకు కనిపించే తేడా లెక్కింపు పద్ధతిదే కావొచ్చు.

చాప్టర్లను దేశాల వారీగా కాకుండా వివరణల వారీగా విడగొట్టు. చదువు నాణ్యత ఒక చాప్టర్, పరిశ్రమల తీరు ఒకటి, నియామకాల చట్టాలు ఒకటి. ప్రతిదానిలోనూ రెండు దేశాలూ ఉండాలి. అప్పుడు ప్రతి పేజీలోనూ పోల్చక తప్పదు.

ఈ వారం చాప్టర్ల జోలికి పోకు. ఒకే పేజీలో పట్టిక గీయి. నిలువు వరుసల్లో దేశాలు, అడ్డ వరుసల్లో వివరణలు. ఏ గడిలో ఏ ఆధారం పెడతావో రాయి, దొరకనిచోట ఖాళీగా వదిలెయ్యి. దాన్ని ముందు మీ గైడ్‌కు చూపించి, ఒక కాపీ నాకు పంపు. ఖాళీ గడుల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.