పరిశ్రమల పక్కన బోరు నీళ్లు కాచి తాగితే సరిపోతుందా?

పరిశ్రమలున్న చోట బోరు నీళ్లు తేటగానే కనిపిస్తున్నప్పుడు కాచి తాగితే చాలదా అని మీరు అడిగారు. చాలదు. కాచితే కలరా, కామెర్లు, విరేచనాలు తెచ్చే క్రిములు చస్తాయి. ఉప్పు, నైట్రేటు, ఫ్లోరైడు, సీసం మాత్రం ఎక్కడికీ పోవు. పైగా నీరు ఆవిరైన మేరకు మిగిలిన నీటిలో అవి మరింత చిక్కబడతాయి.

మాది నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో తీరానికి దగ్గరి ఊరు. ఇంటికి సమీపంలో రొయ్యల గుంటలు తవ్విన కొన్నేళ్లకు మా బోరు నీళ్ల తీరు మారింది. రంగు మారలేదు, వాసన రాలేదు. సబ్బు నురగ రావడం మానేసింది, కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు విరగలేదు, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర గీకినా ఊడనంత గట్టిగా పట్టేది. మా అమ్మకు మాత్రలు వేసుకుంటున్నా రక్తపోటు అదుపులోకి రాకపోతే, కూరల్లో ఉప్పు తగ్గించమన్న డాక్టరుగారే తాగే నీళ్ల సంగతి కూడా అడిగారు. పరీక్ష చేయిస్తే కరిగిన లవణాలు లీటరుకు 2000 మిల్లీగ్రాములు దాటాయి. మన తాగునీటి ప్రమాణం ప్రకారం అవి 500 లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేని చోట మాత్రమే 2000 వరకు అనుమతిస్తారు. ఉప్పు నీళ్లు తాగే గర్భిణుల్లో రక్తపోటు ఎక్కువగా ఉంటోందని బంగ్లాదేశ్ తీరగ్రామాల్లో జరిగిన పరిశోధనలు చూపాయి.

గుంటల యజమానిని అడిగితే, సముద్రం పక్క ఊళ్లో నీళ్లు ఉప్పగా కాక తియ్యగా ఉంటాయా అన్నారు. గుంటలు రాకముందు మా నీళ్లెలా ఉండేవో చూపించే కాగితం ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. ఉమ్మడి ప్రకాశం జిల్లాలోనూ ఇలాంటి వాదనకు చోటుంది. పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఫ్లోరైడు రాతిపొరల నుంచే వస్తుంది. ఆ పల్లెలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి వైద్యులు రాశారు. నేలలో సహజంగా ఉన్న దోషాన్ని అడ్డుపెట్టుకుని, తర్వాత వచ్చి చేరిన కాలుష్యాన్ని కూడా నేల మీదికే నెట్టేయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఏది పాతదో ఏది కొత్తదో తేల్చగలిగేది ఏడాది తర్వాత ఏడాది దాచుకున్న పరీక్ష ఫలితాలే. అందుకే మీ దగ్గర కొత్త పరిశ్రమ ఇంకా పని మొదలుపెట్టకపోతే, ఈ నెలలోనే నీళ్లు పరీక్ష చేయించండి.

వేసవి చివర ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక ఇంకోసారి చేయించడం మంచిది. బోరు కాసేపు ఆడించి, సీసాను అదే నీటితో కడిగి నింపి, తేదీ, బోరు ఉన్న చోటు రాసి అతికించండి. క్రిముల పరీక్షకు మాత్రం ప్రయోగశాల వారిచ్చే శుభ్రపరిచిన సీసానే వాడాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలల్లో లవణాలు, కాఠిన్యం (సబ్బు నురగనివ్వని గుణం), క్లోరైడు, నైట్రేటు, ఫ్లోరైడు చూస్తారు. చుట్టుపక్కల రసాయన కర్మాగారాలో థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద చెరువులో ఉంటే సీసం, ఆర్సెనిక్ వంటి లోహాలకు విడిగా అడిగి చేయించాలి. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు రాసేటప్పుడు ఈ ఫలితాలు జతచేయండి. ప్రమాణాలు మించి కలుషితమైన వ్యర్థజలాలను బావుల్లోకి, వాగుల్లోకి వదలడాన్ని 1974 నాటి జల కాలుష్య చట్టం నిషేధిస్తుంది.

ఆర్వో యంత్రం లవణాలను చాలావరకు తీసేస్తుంది, కానీ అది బయటికి వదిలే చిక్కటి నీటిని బోరు పక్కన ఇంకనివ్వకండి. ఇంట్లో నెలల బిడ్డ ఉంటే, నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల లోపే ఉందని తేలేదాకా డబ్బాపాలు కలపడానికి ఆ బోరు నీళ్లు వాడవద్దు. అది మించితే పసిబిడ్డ రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలిరంగుకు తిరిగే ప్రమాదం ఉంది, అలాంటి లక్షణం కనిపిస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.