ఇంక్యుబేటర్ సంగతి తర్వాత, ముందు తల్లిని చూడండి

ప్రశ్న: మా వెయిల్డ్ ఊసరవెల్లి కడుపు ఉబ్బింది, గుడ్లు పెట్టేలా ఉంది. ఇంట్లోనే పొదిగించడానికి ఏ ఇంక్యుబేటర్ కొనాలి?

ఇంక్యుబేటర్ గురించి ఇక్కడ తలా ఒక మోడల్ చెబుతారు. నేను అడిగేది వేరే. అది తవ్వుకోవడానికి మట్టి పెట్టారా? మీ ప్రశ్నలో ఆ ఊసే లేదు.

వెయిల్డ్ జాతి ఆడది మగదాని మొహం చూడకపోయినా గుడ్లు పెడుతుంది. అవి పొదుగుతాయా లేదా అన్నది తర్వాతి మాట. నచ్చిన చోటు దొరక్కపోతే గుడ్లు లోపలే ఆగిపోతాయి, తల్లి చచ్చిపోతుంది. కనీసం 30 సెంటీమీటర్ల లోతున తడి ఇసుక కావాలి. పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు. దాని ఒళ్లంతా లోపలికి పోయి తిరగడానికి సరిపడా వెడల్పు కూడా ఉండాలి. గాజు పెట్టె చివర చిన్న గిన్నెలో గుప్పెడు మట్టి పోసి ఫొటో పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా దాని సంగతి చెబుతాను. తిండి మానేసింది. ఎప్పుడూ పై కొమ్మ దిగనిది కింద తచ్చాడడం మొదలుపెట్టింది. ఒళ్లు ముదురు రంగుకు తిరిగి, మీద నీలం, పసుపు మచ్చలు తేలాయి. ఇసుక తొట్టె ఒక మూల తవ్వుతోందని తెలియగానే మా బావగారు ఫోన్ లైటు వేసుకుని వీడియోకి తయారయ్యారు. అంతే, సగం గొయ్యి వదిలేసి పైకి ఎక్కేసింది. మర్నాడు ఇంకో మూల మొదలుపెట్టింది. మళ్లీ ఈయన తొంగిచూశారు, మళ్లీ అది మానేసింది. పట్టుబడితే అక్కడ గుడ్లు పెట్టకూడదని దానికి తెలుసు. మనుషులకే తెలియదు. చివరికి బోను చుట్టూ పాత దుప్పటి కట్టి, ఆయన్ని మర్యాదగా గది బయట కూర్చోబెట్టాను.

దుప్పటి సందులోంచి నేను మాత్రం చూశాను (నాకు ఆ హక్కు ఉందని నా నమ్మకం). ముందు తలతో లోపలికి వెళ్లి తవ్వింది. తర్వాత తిరిగి, వెనక భాగం లోపలుంచి, తల సొరంగం మూతి వైపు పెట్టి కూర్చుంది. ఎంతసేపటికీ కదలదు. అంతా అయ్యాక ఆ ఒంట్లో ఏమీ మిగల్లేదు. కళ్లు లోపలికి పోయాయి, పొట్ట చర్మం వేలాడుతోంది, తల మీద టోపీలా లేచి ఉండే భాగం నిండా మట్టి. అలాంటి స్థితిలో కూడా గొయ్యి పూడ్చి, పైన కాళ్లతో తొక్కి తొక్కి చదును చేసింది. ఆ పని పూర్తికాకుండా మీరు చెయ్యి పెట్టొద్దు. అది పైకి ఎక్కాక ముందు నీళ్లు చల్లండి, కడుపారా తాగనివ్వండి. ఆ తర్వాత కాల్షియం పొడి అద్దిన కీచురాళ్లు పెట్టండి. గుడ్లు కొన్ని గంటలు మట్టిలో ఉంటే ఏమీ కాదు.

ఇక గుడ్లు. ఏది పైవైపు ఉందో అదే పైవైపు ఉండేలా తీసి, పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టండి. కోడి తన గుడ్లను తిప్పుతుంది కదా అని వీటిని తిప్పితే లోపలి పిండం చచ్చిపోతుంది. వర్మిక్యులైట్‌కి (తడిని పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు) దాని బరువంత నీళ్లు కలిపి, మూత ఉన్న డబ్బాలో పోసి, ప్రతి గుడ్డూ అందులో సగం వరకు మునిగేలా సర్దండి. వేడి 24 నుంచి 28 డిగ్రీలు. రాత్రి కాస్త తగ్గినా పరవాలేదు, 30 దాటితేనే ప్రమాదం. మీ ఇంట్లో ఏదో ఒక బీరువా అడుగు అర ఆ వేడిలోనే ఉంటే ఇంక్యుబేటర్ అక్కర్లేదు. చవకరకం హీటింగ్ ప్యాడ్ పెట్టి ఉడకబెట్టడం కంటే బీరువా నయం. ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. రోజూ మూత తీసి చూసే అలవాటుంటే డబ్బా ఇంకొకరికి అప్పగించండి.

వేడి పెంచితే మగపిల్లలు వస్తాయని ఎవరో ఒకరు తప్పక చెబుతారు. వినకండి. వెయిల్డ్‌లో ఆడా మగా తేల్చేది క్రోమోజోములు, మీ థర్మోస్టాట్ కాదు. ఇంకొకాయన జాక్సన్స్ అనే వేరే జాతి ఊసరవెల్లికి గుడ్ల కోసం ఇసుక తొట్టె పెట్టి నెలల తరబడి ఎదురుచూశాడు. అది నేరుగా పిల్లల్నే కంటుంది మహాప్రభో!

లోపల పిల్ల పెరిగే కొద్దీ గుడ్డు నీళ్లు పీల్చుకుని లావవుతుంది. చివర్లో పెంకు మీద చెమట బొట్లు కనిపిస్తాయి, ఆపైన సొట్ట పడుతుంది. పిల్ల పెంకు చీల్చి తల బయటపెట్టి గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. లోపలి సొన ఒంట్లోకి ఇంకడానికి ఆ టైమ్ కావాలి. కత్తెర తీసుకుని సాయానికి దిగకండి.

అరవై గుడ్లు పెట్టిందని గొప్పలు పోయేవాళ్లున్నారు. అది మితిమీరిన తిండి, మితిమీరిన వేడి ఫలితం. ఎండ కాచుకునే చోట 27 డిగ్రీలు దాటనివ్వకుండా, రోజు విడిచి రోజు మేత పెడితే తర్వాతి విడతల్లో గుడ్లు తగ్గుతాయి. తల్లి ఆయుష్షుకీ మంచిది. పుట్టిన పిల్లలన్నిటికీ పండ్ల ఈగలు, యూవీబీ లైటు (ఎండలోని అతినీలలోహిత కిరణాలనిచ్చే దీపం), పెద్దయ్యాక వేటికవే బోనులు కావాలి. అంత సాకలేననుకుంటే గుడ్లు పెట్టిన రోజే ఫ్రీజర్‌లో పెట్టేయండి. నన్ను కసాయి అనేవాళ్లు ముందు వాళ్ల దగ్గర ఎన్ని ఖాళీ బోనులున్నాయో చెప్పాలి.

ఇప్పుడు మాత్రం సరీసృపాలు చూసే పశువైద్యుడి నంబరు వెతికిపెట్టుకోండి. అది పగలు కళ్లు మూసుకున్నా, అడుగున పడి ఉన్నా, తవ్వి తవ్వి గుడ్డు పెట్టకుండా నీరసించినా అక్కడికి తీసుకెళ్లాల్సింది ఆ రోజే.