కాన్పుల వార్డు గురించి ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి?

ప్రశ్న: అక్కా, మాది నిజామాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. పోయిన ఏడాది దగ్గర్లోని సర్కారు దవాఖానలో కాన్పయింది. బాబు, నేను బాగున్నాం, డాక్టరమ్మ మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ నొప్పులు పడుతున్నంత సేపూ మా అమ్మను లోపలికి రానివ్వలేదు. బాత్రూంకి గొళ్లెం లేదు. నొప్పికి అరిస్తే ఆయమ్మ ఒక మాట అంది, అది ఇక్కడ రాయలేను, ఇప్పటికీ గుర్తొస్తే ఏడుపొస్తుంది. మా ఆయన రాత్రంతా గేటు బయటే ఉన్నాడు, లోపల ఏం జరుగుతోందో ఒక్కరూ చెప్పలేదట. అంగన్‌వాడీకి వచ్చే తల్లులను కదిలిస్తే అందరిదీ ఇదే కథ. మనమే ఏదైనా చేద్దామని నలుగురం వెళ్లి సూపరింటెండెంట్ సారును కలిస్తే "కంప్లయింట్ బాక్సులో రాసి వెయ్యండి" అన్నారు. మా ఆయనేమో "అయిపోయిన దానికి ఇప్పుడెందుకు" అంటాడు. రేపు రెండో కాన్పుకి మళ్లీ అక్కడికే పోవాలి కదా, గొడవ మనిషినని పేరు పడితే ఎట్లా అని టెన్షన్‌గా ఉంది.
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు నీ భయం సంగతి చూద్దాం చెల్లీ, అందులో నిజం ఉంది కాబట్టి. ఒక్కదానివే వెళ్లి గట్టిగా అడిగితే వార్డులో నీ మొహం గుర్తుపెట్టుకునే వాళ్లు ఉంటారు. అందుకని ఏ కాగితం మీదా నీ ఒక్కదాని పేరు ఉండకూడదు, ఏ సిస్టర్ పేరూ ఏ ఆయమ్మ పేరూ కూడా ఉండకూడదు. ఫలానా మనిషిని ఏం చేస్తారని అడగొద్దు, ఫలానా పని ఎప్పటికి అవుతుందని అడగండి. ఇక కంప్లయింట్ బాక్స్ అంటావా, దాని తాళం ఎవరి దగ్గరుందో ఒకసారి అడిగి చూడు, నవ్వొస్తుంది.

మీ అమ్మను లోపలికి రానివ్వకపోవడంతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అది మీరు కొత్తగా కోరుతున్నదేమీ కాదు. సర్కారు ఆస్పత్రుల్లో కాన్పు సమయంలో గర్భిణి పక్కన ఒక తోడు మనిషి ఉండొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. ఆ తోడు ఆడమనిషి అయి ఉండాలి, వీలైతే ఇంతకుముందు కాన్పు అయినామె అయితే మంచిది, అంటువ్యాధులు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు వేసుకోవాలి, వైద్యంలో అడ్డం రాకూడదు, పక్క మంచం ఆమె జోలికి వెళ్లకూడదు. షరతులు ఇంతే. లేబర్ రూంలో తగిన చాటు ఉన్నచోట భర్తను కూడా రానివ్వొచ్చు. మరి ఎందుకు రానివ్వరంటే, చాలా చోట్ల లేబర్ టేబుళ్లు పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో కర్టెన్ ఉండదు, ఒకరి తోడు లోపలికొస్తే ఇంకొకామె మానం పోతుందని సిస్టర్లు తలుపు దగ్గరే ఆపేస్తారు. వాళ్లు చెప్పేదాంట్లో న్యాయముంది. అంటే మీ ఆయన రాత్రంతా గేటు బయట ఉండటానికి కారణం నాలుగు కర్టెన్లూ వాటి రాడ్లూ కావచ్చు, అదేమంత పెద్ద ఖర్చు?

ఆ ఖర్చు పెట్టే చోటు ఆస్పత్రి అభివృద్ధి కమిటీ. చాలా చోట్ల ఎమ్మెల్యే దానికి ఛైర్మన్‌గా ఉంటారు, సూపరింటెండెంట్ అందులో ఉంటారు. గొళ్లెం, బల్బు, వరండాలో కుర్చీలు, ఇలాంటి చిన్న పనులకు హైదరాబాద్ నుంచి ఆర్డరు రానక్కర్లేదు, కమిటీ అనుకుంటే అయిపోతాయి. కాబట్టి సారును మళ్లీ కలిసి, వచ్చే కమిటీ మీటింగులో ఇద్దరు తల్లులకు పది నిమిషాలు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి, ఇచ్చిన కాగితం నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. అసలు మీటింగులే జరగడం లేదంటే గత రెండేళ్ల మీటింగుల మినిట్స్ (అక్కడ ఏం మాట్లాడారో, ఏం తేల్చారో రాసిన కాగితాలు) కావాలని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఒక్కోసారి మినిట్స్ కన్నా ముందు మీటింగే వస్తుంది!

అక్కడ ఏం చెప్పాలన్నది ముఖ్యం. "సరిగా చూసుకోలేదు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, అందరూ తలూపి టీ తాగి వెళ్లిపోతారు. "రాత్రి 2 గంటలప్పుడు ఒక చేత్తో సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని, ఇంకో చేత్తో బాత్రూం తలుపు మూసి పట్టుకుని కూర్చున్నాను, రెండుసార్లు బయటి నుంచి ఎవరో తోశారు" అని చెప్తే కమిటీలో మగవాళ్లు కూడా తల దించుకుంటారు, గొళ్లెం వారంలో పడుతుంది. ఇలా పదీ పదిహేను మంది అనుభవాలు పోగుచేయండి. ప్రతి నెలా 9వ తారీఖున గర్భిణులకు ప్రత్యేకంగా చెకప్‌లు ఉంటాయి కదా, క్యూలో గంటలు గంటలు కూర్చునే ఆ రోజు కన్నా మంచి రోజు దొరకదు. మీ ఆశా కార్యకర్తను కలుపుకోండి, కాన్పుకి వెంట వచ్చేది ఆమే, ఆ వరండాలో తెల్లారేదాకా కూర్చునేదీ ఆమే, ఏ రాత్రి ఎవరు డ్యూటీలో లేరో ఆమెకు తెలిసినంత సూపరింటెండెంట్‌కి కూడా తెలియదు.

సిస్టర్లతో కూడా మాట్లాడండి, ఇది చాలామంది మరిచిపోతారు. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్ ఎంతమందిని చూస్తోందో అడిగితే ఆ అరుపుల వెనక సంగతి కొంత తెలుస్తుంది. అలాగని ఆ మాటలను నేను వెనకేసుకు రావడం లేదు, నొప్పుల్లో ఉన్న ఆడదాన్ని అవమానించడానికి ఏ స్టాఫు కొరతా సాకు కాదు. కేంద్రం 2017 డిసెంబరులో లేబర్ రూంల కోసమే 'లక్ష్య' అనే కార్యక్రమం పెట్టింది. అందులో తల్లులతో గౌరవంగా మెలగడం, చాటు కల్పించడం, తోడును ఉండనివ్వడం అన్నీ తనిఖీలో ఉంటాయి. సర్టిఫికెట్ వచ్చిన ఆస్పత్రికి ప్రోత్సాహక డబ్బు కావాలంటే నూటికి 80 మంది తల్లులు తృప్తిగా ఉన్నామని చెప్పాలి. మీ దవాఖానకు లక్ష్య సర్టిఫికెట్ ఉందా అని సారును మర్యాదగా అడగండి. మీ మాటకు అక్కడ విలువ ఉందని ఆయనకు గుర్తొస్తుంది.

ఇదంతా చిన్న విషయమని మీ ఆయన అనుకుంటున్నాడేమో, కాదని చెప్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. దవాఖానకు రండమ్మా అని బతిమాలే రోజులు పోయాయి, వచ్చినామెను ఎలా చూస్తున్నారన్నదే ఇప్పుడు మిగిలింది. అదే సర్వేలో రాష్ట్రంలో సిజేరియన్లు 60.7 శాతం, ప్రైవేటులో అయితే 81.5. దేశం మొత్తానికి 21.5. ముహూర్తం పెట్టించుకుని మరీ కోయించుకునే పిచ్చి మన ఇళ్లలోనే ఉంది, దాన్ని డాక్టర్ల మీదికి నెట్టలేం. కానీ లోపల ఒంటరిగా తిట్లు తింటూ నొప్పులు పడటం కన్నా ఆపరేషనే నయం అనుకునే ఆడవాళ్లూ తక్కువేం కాదు.

మీ ఆయన్ని వదిలిపెట్టకు. తండ్రులు వేరేగా కూర్చుని వాళ్లకు జరిగింది వాళ్లు చెప్పాలి, సంతకం ఎక్కడ పెట్టించారు, రక్తం కోసం ఎక్కడికి పరిగెత్తించారు, ఎన్ని గంటలపాటు ఏ కబురూ లేదు అని. ఆడా మగా కలిపి కూర్చోబెడితే మగవాళ్లే మాట్లాడతారు, తల్లులు చీర కొంగు సర్దుకుంటూ ఉండిపోతారు.

నువ్వు రాయలేదు కానీ నాకు వచ్చే ఉత్తరాల్లో సగం దీని గురించే: బాబు పుడితే ఇంత, పాప పుడితే ఇంత అని వార్డులో వసూళ్లు. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సర్కారు దవాఖానలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, తిండి, ఇంటికి దింపే బండి అన్నీ ఉచితం. ఈ సంగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించమని కమిటీని అడగండి. ఎవరైనా పట్టుబట్టి అడిగితే మాత్రం అది మీటింగులో తేలే విషయం కాదు, అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064.

ఇంకొక్క మాట. మీలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉంటే ఆమెను అందరి ముందు నిలబెట్టి చెప్పించొద్దు, తనంతట తాను చెప్తానంటే తప్ప. తల్లే చనిపోయిన ఇల్లు ఉంటే, ఆ మరణంపై జిల్లా కలెక్టర్ చేసే సమీక్షకు కుటుంబ సభ్యులను పిలవాలని నిబంధన ఉంది. అది వాళ్లకు తెలియకపోతే మీరు చెప్పండి.

ప్రశ్న: మేడమ్, మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. మా పాప పుట్టాక ఇక్కడి మిడ్‌వైఫ్ నా భార్యను 'మెటర్నిటీ అండ్ నియోనేటల్ వాయిసెస్ పార్ట్‌నర్‌షిప్' అనే దాంట్లో చేరమంది. తనకు ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే మొహమాటం. వీసా మీద వచ్చినవాళ్లం, ఇలాంటివాటిలో తలదూర్చడం అవసరమా?

జవాబు: అవసరమే, వీసాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కాన్పు అయిన తల్లులూ తండ్రులూ, మిడ్‌వైఫ్‌లూ, డాక్టర్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆస్పత్రి పద్ధతులు మార్చే ఏర్పాటు అది. అక్కడ నడిపించే బాధ్యత ఆ సేవలు వాడుకున్న తల్లిదండ్రులకే ఇస్తారు. తల్లులు కాన్పుల విభాగం గుమ్మం నుంచి లోపలిదాకా నడిచి, మొదటిసారి వచ్చిన మనిషికి ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది, ఎక్కడ భయమేస్తుంది అని రాసుకుని చెప్పే పద్ధతి కూడా వాళ్లకు ఉంది. నిజానికి పై చెల్లెలికి కూడా ఇదే చెప్పాలనిపించింది.

ఇదంతా వాళ్లకు మొదటి నుంచీ అలవాటనుకోకండి. ఇంగ్లండ్‌లోనే ష్రూస్‌బరీ అండ్ టెల్ఫర్డ్ ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి తల్లులూ పసిబిడ్డలూ చనిపోతుంటే, బిడ్డలను పోగొట్టుకున్న రెండు కుటుంబాలు వదలకుండా పట్టుబట్టాకే విచారణ జరిగింది, 2022లో తుది నివేదిక వచ్చింది. బ్రిటన్‌లో తెల్లజాతి స్త్రీలతో పోలిస్తే ఆసియా మూలాల స్త్రీలలో ప్రసూతి మరణాల రేటు కొన్నేళ్లపాటు దాదాపు రెట్టింపుగా ఉండేదని అక్కడి సమీక్షలే చెప్పాయి. అలాంటి చోట మన ఆడవాళ్లు మొహమాటంతో బల్ల దగ్గర లేకపోతే, మనకేం కావాలో ఊహించుకుని ఇంకెవరో చెప్తారు.

ఇంగ్లిష్ గురించి దిగులొద్దు, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగమనండి. ఆస్పత్రి చెకప్‌లకు ఆ సాయం ఉచితం. మీరు మాత్రం దుబాసీ పని పెట్టుకోకండి. ఇంట్లో భర్త కొడుతున్నాడా అని మిడ్‌వైఫ్ ప్రతి గర్భిణినీ ఒంటరిగా ఉన్నప్పుడు అడుగుతుంది, ఆ ప్రశ్నను భర్తే తెలుగు చేసి చెప్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. చాలా మీటింగులు ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి, పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. ఒక మీటింగు ఆమెను వెళ్లనివ్వండి, తర్వాతి దానికి మీరు కూడా వెళ్లండి, తండ్రులు దొరకడం లేదని వాళ్లకెప్పుడూ బాధే.