కరెంటు పెట్టె మీద ముగ్గులు నిలవాలంటే

ప్రశ్న: బెంగళూరు మల్లేశ్వరంలో మా వీధి మొదట్లో ఉన్న కరెంటు పెట్టె మీద పిల్లలతో ముగ్గులు వేయించాం. వానలు అయ్యేసరికి ఎనామెల్ రంగు పెచ్చులుగా ఊడింది. ఎందుకని?

జవాబు: పెట్టె జింకు పూత రేకుదైతే కారణం అదే. ఎనామెల్‌లోని నూనె జింకుతో కలిసి సబ్బులాంటి పొర అవుతుంది, రంగుకు పట్టు పోతుంది. ముగ్గుల ఆలోచన మాత్రం చక్కనిది, వదలకండి.

ముందు బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వాళ్ల మనిషి దగ్గరుండగానే పని జరగాలి, తలుపు తెరవకూడదు. నీళ్లు పోసి కడగొద్దు, తడిగుడ్డతో తుడవండి. పాత రంగు గీకేసి, 220 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, రేకును కాస్త కొరికి గట్టిగా పట్టుకునే అడుగుపూత, అంటే ఎచ్ ప్రైమర్ వేయండి. బాగా ఆరాక ఒక మూల బ్లేడుతో గళ్లుగా గీసి, టేపు అంటించి లాగండి. టేపుకు ప్రైమర్ అంటుకొస్తే మళ్లీ రుద్దాల్సిందే.

ఆపైన బయటి గోడలకు వాడే అక్రిలిక్ రెండు పూతలు. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతున్న పెట్టెకు సుమారు లీటరు పడుతుంది. అడుగు రంగు లేతగా ఉంచండి. ముదురు రంగు ఎండకు లోపల వేడి పెంచుతుంది. గాలి కంతలు, డేంజర్ బోర్డు, పెట్టె నంబరు, తాళం మీద చుక్క రంగు కూడా పడనీయొద్దు. జనవరి, ఫిబ్రవరి నెలలు ఈ పనికి అనువు.