పది నంబర్ సాకెట్ ఎక్కడికి పోతోంది?

ఇంటి వర్క్‌షాప్ గురించి పాఠకుల ప్రశ్నలు, విజయవాడ ఆటోనగర్ మేస్త్రీ జవాబులు

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. మేడ మీద రేకుల గదిలో మా బండ్ల రిపేర్లు నేనే చేసుకుంటాను. రెండు మూడు సెట్లలో మిగిలిన బోల్టులు విప్పే సాకెట్లు, మా మామయ్య ఇచ్చిన పాత జీపు సాకెట్లు అన్నీ కలిసి ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. కావలసింది వెతుక్కునేసరికే ఓపిక అయిపోతోంది. పది నంబర్, అంటే 10 ఎంఎం బోల్టు తలకి పట్టేదైతే ఎప్పుడూ దొరకదు. డ్రాయర్ల పెట్టె ఒకటి కొనమంటారా?

జవాబు: బాబూ, పెట్టె సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ డబ్బాని గోనెసంచి మీద బోర్లించండి. నంబర్లు అప్పుడే చూడొద్దు. ఒక్కో సాకెట్‌నీ వెనక్కి తిప్పి, హ్యాండిల్ దూరే చదరపు కంత ఎంతుందో చూసి కుప్పలు పెట్టండి. పావు ఇంచి (6.35 ఎంఎం), 3/8 ఇంచి (9.5 ఎంఎం), అర ఇంచి (12.7 ఎంఎం) అని మూడు కుప్పలొస్తాయి. ఇవి మళ్లీ కలవకూడదు. చేతిలో ఉన్న రాట్చెట్‌కి (సాకెట్‌ని తిప్పే హ్యాండిల్‌కి) పట్టని సాకెట్ పక్కనే ఉన్నా లేనట్టే కదా.

తర్వాత ప్రతి కుప్పలోంచీ ఇంచి సాకెట్లు ఏరేయండి. జీపువి అంటున్నారు కాబట్టి 7/16, 1/2, 9/16 తప్పకుండా ఉంటాయి. ఇవి ఎంఎం సాకెట్లతో కలిస్తేనే గొడవ. 13 నంబర్ సాకెట్ అర ఇంచి బోల్టు మీద చక్కగా కూర్చున్నట్టే ఉంటుంది. కానీ బోల్టు 12.7 ఎంఎం. తుప్పు పట్టి బిగిసిన బోల్టు మీద బలమంతా పెట్టి తిప్పారంటే మూలలు అరిగి తల గుండ్రమైపోతుంది, ఇక వెల్డింగ్ షాపే గతి. 19 నంబర్‌కీ 3/4 ఇంచికీ మాత్రం పేచీ లేదు, 3/4 ఇంచి అంటే 19.05 ఎంఎం. మీకు జీపు లేదు కాబట్టి ఆ ఇంచి సాకెట్లకు నూనె రాసి, మూటకట్టి అటకెక్కించండి. లేకపోతే మామయ్యకే ఇచ్చేయండి. మొహమాటానికి ఉంచుకున్న సామానే సగం గందరగోళం.

ఇప్పుడు పెట్టుకోవడం. నా ఓటు చెక్క పలకకే. పద్దెనిమిది ఎంఎం ప్లైవుడ్ ముక్క చాలు. ఇల్లు కట్టే చోట మిగిలిన ఇనుప చువ్వ ముక్కలు తెచ్చుకోండి. అర ఇంచి సాకెట్లకు 10 ఎంఎం చువ్వ సరిపోతుంది. 12 ఎంఎం తెచ్చుకోకండి, మీదున్న గీరలతో కలిపి చదరంలో దూరదు. 3/8కి 8 ఎంఎం చువ్వ, పావు ఇంచికి తల కోసేసిన లావుపాటి మేకు. సుత్తితో కొడితే బిగుసుకునేంత కంతలు వేసి, పలక పైకి రెండు సెంటీమీటర్లు కనపడేలా దిగ్గొట్టండి. కొసలు ఆకురాయితో నున్నగా చేసి రంగు వేయండి, లేకపోతే చువ్వ తుప్పు సాకెట్‌కి అంటుతుంది. రెండు సాకెట్ల మధ్య వేళ్లు దూరే సందు ఉండాలి. ఇరుకుగా పెడితే ఒకటి తీసేటప్పుడు పక్కవి కిందపడతాయి.

అసలు కిటుకు నంబర్ రాయడంలో ఉంది. సాకెట్ మీద ఎలాగూ ఉంటుంది, పలక మీద చువ్వ కిందకూడా పెయింటుతో రాయండి. సాకెట్ లేనప్పుడు ఏది లేదో ఆ ఖాళీ చువ్వే చెబుతుంది. మా షెడ్డులో కుర్రాళ్లకి నేను పెట్టిన రూలు ఒక్కటే, పలక నిండాకే బండి బయటికి వెళ్లాలి. ఫోమ్ కోసి అమర్చిన ఖరీదైన డ్రాయర్లు చేసే పనీ ఇదే. డబ్బులుంటే కొనుక్కోండి, తప్పులేదు.

ఇక మీ పది నంబర్. ఎం6 బోల్టు (మర మందం 6 ఎంఎం ఉన్నది) తల పది. బ్యాటరీ టెర్మినల్ దగ్గర్నుంచి స్కూటర్ ప్యానెళ్ల దాకా అవే ఉంటాయి. ఎక్కువ వాడేదే ఎక్కువ పోతుంది. చాలాసార్లు ఎక్స్‌టెన్షన్ రాడ్ (లోతుకి అందేలా రాట్చెట్‌కి తగిలించే కడ్డీ) చివరే ఉండిపోతుంది, ముందు అక్కడ చూడండి. విడి సాకెట్ ఇంకోటి కొని, పలక మీద పదికి రెండు చువ్వలు పెట్టండి.

సాకెట్లు అంటించి పెట్టుకునే మ్యాగ్నెట్ పట్టీ గురించి మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతున్నారు. ఇనుము అరగదీసే గ్రైండర్ ఉన్న గదిలో వద్దు. సాకెట్లకు అయస్కాంత గుణం ఎక్కి ఇనుప రజను పట్టుకుంటుంది, అది తీసుకెళ్లి ఇంజన్‌లో పోస్తారు.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు నాన్నగారి సాకెట్ సెట్ బురదలో మునిగింది. ఇప్పుడు తెరిస్తే అన్నీ తుప్పు. పాత ఇనుముకి వేసేయాల్సిందేనా?

జవాబు: అమ్మా, తొందరపడకండి. చాలావరకు బాగుపడతాయి. ముందు సబ్బునీళ్లతో బురద పోయేలా పాత టూత్‌బ్రష్ పెట్టి తోమండి, చదరపు కంత లోపల కూడా. ఆ తర్వాత లీటరు నీళ్లలో రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అందులో వేయండి. అరగంటకోసారి తీసి రుద్దుతూ ఉండాలి. రాత్రి నానబెట్టి పొద్దున చూద్దాం అనుకుంటే పులుపు సాకెట్ మీది మెరిసే క్రోమ్ పూత కిందికి దిగి ఉక్కుని తినేస్తుంది. తుప్పు వదలగానే వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, తుడిచి, ఎండలో పెట్టండి. వేడి మీద ఉండగానే కుట్టుమిషన్ నూనె పల్చగా రాయాలి. కొబ్బరినూనె వద్దు.

క్రోమ్ పెచ్చులు లేచినవి, నెర్రె విచ్చినవి మాత్రం ఉంచకండి. ఆ పెచ్చు బ్లేడులా వేలు కోస్తుంది. నల్లగా ఉండేవి ఇంపాక్ట్ సాకెట్లు (మెషిన్ గన్‌తో విప్పేందుకు చేసినవి), వాటికి క్రోమ్ ఉండదు. పైపైన తుప్పు పట్టినా భయం లేదు.

రాట్చెట్‌ని పులుపు నీళ్లలో వేయకండి. వెనక స్క్రూలు విప్పి కిరోసిన్‌తో కడగాలి. ఒక పళ్లెంలో పెట్టుకుని విప్పండి, లోపలి చిన్న గుండు, స్ప్రింగు ఎగిరిపోతే మళ్లీ దొరకవు. వానాకాలంలో మూత బిగించిన పెట్టెలో తడి ఉండిపోతుంది, అందుకే బాగా ఆరాకే లోపల పెట్టండి.

ప్రశ్న: పాత సాకెట్ల మీద నంబర్లు చెరిగిపోయాయి. గుర్తుపట్టడం ఎలా? (ఒక పాఠకుడు, పటమట)

జవాబు: బోల్టుల షాపులో ఎం6, ఎం8, ఎం10, ఎం12 బోల్టులు ఒక్కోటి కొనండి. తలలు 10, 13, 17, 19 వస్తాయి. ఎం10కి 16, ఎం12కి 18 తల ఉన్నవి కూడా అమ్ముతున్నారు కాబట్టి షాపులోనే వెర్నియర్‌తో (ఎంఎంలు కచ్చితంగా కొలిచే పనిముట్టుతో) కొలిపించుకోండి. వాటిని సాకెట్లలో పెట్టి చూస్తే ఏది ఏదో తేలిపోతుంది. దొరికిన నంబర్‌ని పంచ్‌తో కొట్టకండి, గట్టిపరిచిన ఉక్కు, చిట్లుతుంది. తెల్ల ఎనామిల్‌తో రాయండి. ఇంట్లో నెయిల్ పాలిష్ ఉన్నా చాలు, థిన్నర్ తగిలి పోతే మళ్లీ వేసుకోవచ్చు.