డైనింగ్ టేబుల్‌కి టేకే కావాలా, పనస కర్ర పనికిరాదా?

విజయనగరంలో కొత్తిల్లు, ఇంట్లో నలుగురం, టేకు కొనలేకపోతే ఇంకేం కర్ర మంచిది అని అడిగారు.

కర్ర కంటే ముందు గది కొలవండి. కూర్చునే ఒక్కో మనిషికి అంచు పొడవున 2 అడుగులు, కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి గోడ వరకు 3 అడుగులు వదలాలి. నలుగురికి 4×3 అడుగుల బల్ల చాలు. పండక్కి చుట్టాలొస్తారంటే 5×3 తీసుకోండి. ఎత్తు 30 అంగుళాలు.

టేకు మంచిదే, ధర కూడా అలాగే ఉంటుంది. నేనైతే పనసకే ఓటేస్తాను. బొబ్బిలి వీణ చేసేది ఆ కర్రతోనే. చెదలు అంత తేలిగ్గా పట్టవు. కొత్తలో పసుపుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. మామిడి చవక, కానీ మందు పట్టించకపోతే పురుగు తొలిచేస్తుంది.

అసలు టెన్షన్ కర్ర ఆరిందా లేదా అన్నదే. మేం తొందరపడి పచ్చి కర్రతో చేయించాం. మే నెల వచ్చేసరికి పలకల మధ్య సందులు తెరుచుకున్నాయి. ఇప్పుడు రోజూ అందులో ఇరుక్కున్న మెతుకుల్ని చీపురు పుల్లతో తీస్తున్నాం! కోసిన పలకలు నీడలో నెలల తరబడి ఆరాయని నమ్మకం కుదిరాకే అడ్వాన్సు ఇవ్వండి.

షాపులో రెడీమేడ్ కొంటే మాత్రం వంగి అడుగు చూడండి. పైన పాలిష్ అన్నీ కప్పేస్తుంది. కింద తెల్లగా కనిపించే భాగం చేవ (మాను లోపలి గట్టి కర్ర) కాదు, పురుగు ముందు పట్టేది దానికే. ఒక మూల పట్టుకుని ఊపండి, కాళ్లు కిర్రుమంటే వదిలేయండి.