రేసుల నుంచి రిటైరైన గ్రేహౌండ్ జాతి కుక్కని పెంచుకుంటే రోజూ పరిగెత్తించాలా?

అక్కర్లేదు, రెండు పూటలా 20, 30 నిమిషాల నడక చాలు. మిగతా సమయంలో చాలా భాగం అది నిద్రపోతూనే గడుపుతుంది.

గ్రేహౌండ్ కండరాలు ఉన్నపళంగా దూసుకుపోవడానికి పనికొచ్చేవి, గంటల తరబడి పరిగెత్తడానికి కాదు. బ్రిటన్‌లో మామూలుగా జరిగే 480 మీటర్ల రేసునే చూడండి. 30 సెకన్లకు అటూ ఇటూగా అయిపోతుంది, ఆ కాసేపటికే కుక్క డొక్కలు ఎగరేస్తూ రొప్పుతుంది.

గంటకు 60 కిలోమీటర్లు దాటే కుక్క కదా, పెద్ద పెరడు లేకపోతే ఎలా అని చాలామంది వెనకాడతారు. అది అపోహే. అపార్ట్‌మెంట్‌లోనూ హాయిగా ఉంటుంది. అసలు ఓపిక కావాల్సింది మెట్ల దగ్గర. కెన్నెల్‌లోనే, అంటే కుక్కల్ని ఉంచే షెడ్డులోనే పెరిగింది కాబట్టి చాలాసార్లు దానికి మెట్లంటేనే తెలియదు పాపం. మొదటి మెట్టు ముందు కాళ్లు బిగబట్టి నిలబడిపోతుంది. కసరకుండా, ఒక్కో పాదం పట్టుకుని మెట్టు మీద పెట్టి నేర్పాలి. ఒంట్లో కొవ్వు తక్కువ, బొచ్చు పలచన, అందుకే చలికాలంలో కోటు తొడగాలి.

కంచె లేని చోట మాత్రం లీష్ (మెడపట్టీకి కట్టే తాడు) వదలొద్దు. కుందేలు గానీ పిల్లి గానీ కనిపించిందంటే ఇక మీ పిలుపు దాని చెవికెక్కదు.